బ్రాకెట్ బయట ఉన్న ఆ 3 ఎవరిది?

ప్రశ్న: అక్కా, మా పాప తొమ్మిదో తరగతి. కెమిస్ట్రీలో ఫార్ములా ఇచ్చి ఇందులో ఎన్ని పరమాణువులు ఉన్నాయి అంటే ఒకసారి కరెక్ట్‌గా చెప్తుంది, ఇంకోసారి మొత్తం తప్పు. మొన్న టెస్టులో అల్యూమినియం సల్ఫేట్‌లో ఆక్సిజన్ 7 అని రాసింది, టీచర్ ఎర్ర పెన్నుతో కొట్టేసి 12 అని వేశారు. మైలుతుత్తానికైతే మొత్తం 90 అని రాసింది, ఆన్సర్ 21 అంట. నేను టెన్త్ తర్వాత సైన్స్ పుస్తకం ముట్టుకోలేదు, దాని పక్కన కూర్చుంటే నాకే కళ్ళు తిరుగుతున్నాయి. నాకు కెమిస్ట్రీ రాదమ్మా అని అది ఏడుపు మొహం పెడుతోంది. ముఖ్యమైన ఫార్ములాలు కొన్ని బట్టీ పట్టించమంటారా, ఇంకేదైనా దారి ఉందా?

జవాబు: చెల్లీ, ముందు ఆ 90 సంగతి చూద్దాం. నీకు అది తప్పు ఆన్సర్‌లా కనపడింది, నాకైతే ముచ్చటేసింది. ఎందుకంటే అది గాల్లోంచి వచ్చిన నంబర్ కాదు, 6ని 15తో గుణిస్తే వచ్చింది. మైలుతుత్తం అంటే నీళ్ళు తోడున్న కాపర్ సల్ఫేట్. అంటే మీ పాప కాపర్ సల్ఫేట్‌లో 6 పరమాణువులు కరెక్ట్‌గా లెక్కపెట్టింది, పక్కనున్న నీళ్ళలో 15 కూడా కరెక్ట్‌గానే లెక్కపెట్టింది, మధ్యలో చుక్క కనపడేసరికి లెక్కల పీరియడ్ గుర్తొచ్చి గుణించేసింది. అటు 7 దగ్గరేమో 4ని 3తో గుణించాల్సింది పోయి రెండూ కూడేసింది. కూడాల్సిన చోట గుణకారం, గుణించాల్సిన చోట కూడిక, అంతే జరిగింది. పిల్లకి లెక్కలొచ్చు, గుర్తులు కూడా వచ్చు, తెలియనిదల్లా ఏ అంకె ఎవరికి చెందుతుందో. బట్టీ మాత్రం వద్దు, సమ్మేళనాలు కోట్ల కొద్దీ ఉన్నాయి, ఎన్నని పడుతుంది పాపం.

చెప్పేముందు ఒక చిన్న ఒప్పందం. ఫార్ములాలు పుస్తకంలో ఇంగ్లీష్ అక్షరాల్లో ఉంటాయి, నేనిక్కడ నోటితో చదివినట్టు తెలుగులో రాస్తున్నా. తెలుగులో పెద్ద ఏబీసీడీలు చిన్న ఏబీసీడీలు అనే గొడవ లేదు కదా, అందుకని ఒక మూలకం గుర్తు ఎన్ని అక్షరాలైనా కలిపి ఒకే మాటగా రాస్తా, కొత్త మూలకం రాగానే కాస్త ఖాళీ వదులుతా. ఎన్ఏ అంటే ఒక్కటే మూలకం, సోడియం. ఎన్ హెచ్ అని ఎడంగా రాశానంటే రెండు మూలకాలు, నైట్రోజన్, హైడ్రోజన్. ఇంకో మాట, స్కూల్ పుస్తకాల్లో పరమాణువు అంటే ఆటమ్, అణువు అంటే మాలిక్యూల్, మనం మామూలుగా మాట్లాడేటప్పుడు రెండిటినీ అణువు అనేస్తాం, పరీక్షలో అలా కలిపేస్తే ప్రశ్నే మారిపోతుంది. నీళ్ళ అణువు ఒకటి, దాన్లో పరమాణువులు మూడు.

సరే, మొదటి సంగతి అక్షరాలు. నేను ఖాళీ వదిలే పని పుస్తకంలో పెద్ద అక్షరం చేస్తుంది. పెద్ద అక్షరం వచ్చిందంటే కొత్త మూలకం మొదలైనట్టు, దాని వెనక చిన్న అక్షరం ఉంటే అది ముందున్నదాని తోకే తప్ప వేరే మనిషి కాదు. ఇది ఎంత ముఖ్యమో నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. నేను స్కూల్లో ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ రాయమంటే తొందరలో రెండో అక్షరం చిన్నగా గీకేశా, మా సార్ పేపర్ ఎత్తి చూపించి గ్యాస్ అడిగితే లోహం ఇచ్చావేంటమ్మా అన్నారు, క్లాసంతా ఒకటే నవ్వు. సీ ఓ అని రెండూ పెద్దవైతే కార్బన్, ఆక్సిజన్ కలిసిన విషవాయువు. సీఓ అని రెండోది చిన్నదైతే కోబాల్ట్, గట్టి లోహం. చేతిరాతలో ఆ ఓ ఎంత సైజులో ఉందన్నదే తేడా మొత్తం. మీ పాప నోట్సు ఒకసారి తీసి చూడు, చాలామంది పిల్లలు ఇక్కడే పడతారు, క్లోరిన్ గుర్తు సీఎల్‌ని రెండుగా విడదీసి సీ ఒకటి ఎల్ ఒకటి అని లెక్కేస్తారు, అసలు ఎల్ అనే మూలకమే లేదు.

సోడియంకి ఎన్ఏ ఏంటి, పొటాషియంకి కే ఏంటి అని అది విసుక్కుంటే విసుక్కోనీ, న్యాయమైన విసుగే. అవి లాటిన్ పేర్లు, నేట్రియం, కాలియం అని. ఇనుము ఫెర్రం కాబట్టి ఎఫ్ఈ, రాగి క్యుప్రం కాబట్టి సీయూ, సీసం ప్లంబం కాబట్టి పీబీ. ఇలాంటివి పట్టుమని పదో పన్నెండో ఉంటాయి, బట్టీ అంటూ పట్టాలంటే ఇవి చాలు.

ఇప్పుడు అంకెలు. గుర్తుకి కుడివైపు కింద కూర్చున్న చిన్న అంకె తన ఎడమపక్కనున్న మూలకానికి మాత్రమే చెందుతుంది, ఇంకెవర్నీ ముట్టుకోదు. హెచ్₂ ఓ లో 2 హైడ్రోజన్‌ది. ఓకి అంకె లేదు, లేదంటే సున్నా కాదు, ఒకటి. ఒకటిని రాయరు, అంతే. బేకింగ్ సోడా ఎన్ఏ హెచ్ సీ ఓ₃, ఇందులో 3 ఒక్క ఆక్సిజన్‌దే, కాబట్టి సోడియం 1, హైడ్రోజన్ 1, కార్బన్ 1, ఆక్సిజన్ 3, మొత్తం 6. చక్కెర సీ₁₂ హెచ్₂₂ ఓ₁₁, చూడ్డానికి భయపెడుతుంది గానీ నిజానికి అన్నిటికంటే ఈజీ, బ్రాకెట్ లేదు చుక్క లేదు, 12, 22, 11 కూడితే 45 అయిపోయింది. పిల్లలు పొడుగు చూసి భయపడతారు, కష్టమేమో పొట్టి ఫార్ములాల్లో దాక్కుని ఉంటుంది.

ఈ చిన్న అంకె కింద కూర్చోవాలన్నది కూడా మనుషులు పెట్టుకున్న పద్ధతే. అక్షరాలతో మూలకాల్ని రాయడం స్వీడన్‌కి చెందిన బెర్జీలియస్ 1813 ప్రాంతంలో మొదలుపెట్టాడు, ఆయనేమో అంకెని పైన రాసేవాడు, మన లెక్కల్లో ఘాతంలాగా. తర్వాత 1834లో జర్మనీలో లీబిగ్ దాన్ని కిందకి దింపాడు. అంతకుముందు డాల్టన్ గుండ్రాలు గీసి, లోపల చుక్కలూ గీతలూ పెట్టి మూలకాల్ని చూపించేవాడు, పైగా ఆయన లెక్కలో నీళ్ళంటే ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అంతే. పరమాణు సిద్ధాంతం ఇచ్చిన మనిషికే నీళ్ళలో హైడ్రోజన్లు ఎన్నో తప్పు పోయింది, మీ పాపకి ఈ ముక్క చెప్పు, కాస్త ఊపిరి పీల్చుకుంటుంది.

ఇక ఆ 7 దగ్గరికొద్దాం. అల్యూమినియం సల్ఫేట్ అంటే ఏఎల్₂ (ఎస్ ఓ₄)₃. బ్రాకెట్ లోపల ఉన్నవాళ్ళు ఒక జట్టు, సల్ఫేట్ అని ఆ జట్టుకి పేరు, ఒక సల్ఫరూ నాలుగు ఆక్సిజన్లూ ఎక్కడికెళ్ళినా కలిసే వెళ్తాయి. బయట ఉన్న 3 చెప్పేది ఆక్సిజన్ సంగతి కాదు, ఇలాంటి జట్లు మూడున్నాయని. నోటితో వంద సార్లు చెప్పడం కంటే ఒక్కసారి విప్పి రాయించు. కాయితం మీద ఎస్ ఓ₄ అని రాయమను, దాని కింద మళ్ళీ ఎస్ ఓ₄, దాని కింద ఇంకోటి. ఇప్పుడు వేలు పెట్టి లెక్కపెట్టమను, సల్ఫర్లు మూడు, ఆక్సిజన్లు నాలుగు నాలుగు నాలుగు పన్నెండు. 7 ఎక్కడా కనపడదు. బయటున్న అల్యూమినియంని ఆ 3 ముట్టుకోదు, దాని 2 దానిదే. మొత్తం 2, 3, 12 కలిపితే 17.

రెండు మూడు రోజులు ఇలా విప్పి రాస్తే తర్వాత దానికే విసుగొచ్చి గుణించడం మొదలుపెడుతుంది, విసుగు రానీ, షార్ట్‌కట్ నువ్వు ముందే చెప్పకు. నా అనుభవంలో షార్ట్‌కట్ ముందు నేర్చుకున్న పిల్లలే 4 ప్లస్ 3 అంటారు, ఎందుకంటే వాళ్ళకి రెండు అంకెలు కనపడతాయి గానీ మూడు జట్లు కనపడవు.

అసలు బ్రాకెట్ ఎందుకు అని అడిగితే తడిసున్నం చూపించు, సీఏ (ఓ హెచ్)₂. కాల్షియం 1, ఆక్సిజన్ 2, హైడ్రోజన్ 2, మొత్తం 5. బ్రాకెట్ తీసేసి సీఏ ఓ హెచ్₂ అని రాస్తే 2 హైడ్రోజన్‌కే అంటుకుంటుంది, ఆక్సిజన్ ఒకటి మాయమై 4 అవుతుంది, అలాంటిది సున్నం కాదు. అలాగే జట్టు ఒక్కటే ఉంటే బ్రాకెట్ అక్కర్లేదు, బేకింగ్ సోడాలో కార్బనేట్‌కి బ్రాకెట్ పెట్టలేదు చూడు.

ఒకే మూలకం రెండు చోట్ల కూర్చునే ఫార్ములాలు కూడా ఉంటాయి, వాటితో జాగ్రత్త. వెనిగర్‌లో పులుపునిచ్చే ఎసిటిక్ యాసిడ్‌ని సీ హెచ్₃ సీ ఓ ఓ హెచ్ అని రాస్తారు. కార్బన్ రెండు చోట్ల, హైడ్రోజన్ రెండు చోట్ల, ఆక్సిజన్లు పక్కపక్కనే రెండు. కూడితే కార్బన్ 2, హైడ్రోజన్ 4, ఆక్సిజన్ 2, మొత్తం 8. మరి సీ₂ హెచ్₄ ఓ₂ అని పొట్టిగా రాయొచ్చుగా అని అడుగుతుంది, రాయొచ్చు, లెక్క అదే వస్తుంది, కానీ పొడుగ్గా రాస్తే ఎవరు ఎవర్ని పట్టుకుని ఉన్నారో కూడా తెలుస్తుంది. యూరియా సీ ఓ (ఎన్ హెచ్₂)₂ లో లోపలొక 2, బయటొక 2, హైడ్రోజన్ కోసం రెండూ గుణించాలి, 4. నైట్రోజన్‌కి బయటి 2 ఒక్కటే, అది 2. కార్బన్ 1, ఆక్సిజన్ 1, మొత్తం 8. వెనిగర్‌కీ యూరియాకీ రెండిటికీ 8 వచ్చింది కదా, అంతమాత్రాన రెండూ చుట్టాలు కావు, టోటల్ ఒకటే వచ్చినంత మాత్రాన ఏమీ తెలియదు, ఏది ఎన్ని అన్నదే అసలు సమాచారం. అందుకే టోటల్ మాత్రమే అడిగే ప్రశ్నలంటే నాకు పెద్దగా ఇష్టం ఉండదు.

ఇప్పుడు చుక్క. మైలుతుత్తం సీయూ ఎస్ ఓ₄ · 5హెచ్₂ ఓ. లెక్కల్లో చుక్క అంటే గుణకారం అని చిన్నప్పట్నుంచీ నేర్పి, ఇక్కడికొచ్చేసరికి చుక్క అంటే కూడిక అంటే పిల్లలు తికమక పడరా మరి. ఈ చుక్కని "తోడుగా" అని చదవమను. కాపర్ సల్ఫేట్, తోడుగా అయిదు నీళ్ళు. ఆ నీళ్ళు పైన తడిలా అంటుకున్నవి కావు, స్ఫటికంలోనే సీట్లు వేసుకుని కూర్చున్నవి, స్ఫటిక జలం అంటారు. ల్యాబ్‌లో ఆ నీలం పలుకుల్ని పరీక్షనాళికలో వేసి గట్టిగా వేడిచేస్తే నాళిక పైభాగాన లోపలివైపు నీటిబొట్లు పడతాయి, కింద నీలం రంగు మెల్లగా వెలిసిపోయి తెల్లపొడి మిగులుతుంది. చల్లారాక దాని మీద రెండు చుక్కల నీళ్ళు వేస్తే మళ్ళీ నీలం. నేను మొదటిసారి చూసినప్పుడు పొడిగా గరగరలాడే రాయిలోంచి నీళ్ళెలా వచ్చాయా అని నోరెళ్ళబెట్టా. ఆ పలుకుల బరువులో నూటికి 36 వంతులు నీళ్ళే. ఇది చూసిన పిల్ల ఇంకెప్పుడూ ఆ చుక్క దగ్గర గుణించదు, ఎందుకంటే విడిగా వెళ్ళిపోయిన నీళ్ళని కళ్ళతో చూసింది. ఇంట్లో మాత్రం చేయొద్దు, మైలుతుత్తం విషం, స్కూల్ ల్యాబ్‌లో టీచర్‌ని చూపించమని అడగమను.

సరే లెక్క. చుక్కకి ఇటువైపు సీయూ 1, ఎస్ 1, ఓ 4, మొత్తం 6. అటువైపు ముందున్న 5 పెద్ద సైజు అంకె, అది తన వెనకున్న హెచ్₂ ఓ మొత్తానికి చెందుతుంది, హైడ్రోజన్ 10, ఆక్సిజన్ 5, మొత్తం 15. ఆరూ పదిహేనూ 21. ఆక్సిజన్ ఎన్ని అంటే ఇటు 4 అటు 5, తొమ్మిది. కెమిస్ట్రీ వచ్చినవాళ్ళు కూడా తొందరలో 4 అనో 5 అనో చెప్పేస్తుంటారు, రెండు వైపులా చూడాలి.

ఈ పెద్ద అంకె చుక్క తర్వాతే కాదు, ఫార్ములాకి మొత్తంగా ముందు కూడా వస్తుంది, ముఖ్యంగా సమీకరణాల్లో. 2హెచ్₂ ఓ అంటే రెండు నీళ్ళ అణువులు, హైడ్రోజన్ 4, ఆక్సిజన్ 2. ముందున్న పెద్ద అంకె ఎన్ని అణువులో చెప్తుంది, కిందున్న చిన్న అంకె ఒక్కో అణువు లోపల ఎవరెంతమందో చెప్తుంది. మీ పాప వచ్చే ఏడాది సమీకరణాలు తుల్యం చేసేటప్పుడు ఆక్సిజన్ ఒకటి తగ్గిందని హెచ్₂ ఓ కాస్తా హెచ్₂ ఓ₂ చేసి కూర్చుంటుంది, అందరు పిల్లలూ చేస్తారు, అప్పుడు గుర్తుంచుకో, అది నీళ్ళు కావు, హైడ్రోజన్ పెరాక్సైడ్, గాఢంగా ఉంటే చర్మాన్ని కాల్చేసేది. ముందున్న అంకె ఎంతైనా మార్చుకోవచ్చు, కింది అంకె మారిస్తే పదార్థమే మారిపోతుంది.

ఉప్పు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే తెలివైన పిల్లలు అడుగుతారు. ఉప్పు ఫార్ములా ఎన్ఏ సీఎల్ కదా అని అందులో ఒక సోడియం ఒక క్లోరిన్ జంటలు జంటలుగా విడివిడిగా తిరుగుతుంటాయనుకోకూడదు. ఉప్పు పలుకులో అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు, బారులు తీరి ఉంటాయి, ఒక్కో సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు. ఫార్ములా అక్కడ ఒకటికి ఒకటి అనే నిష్పత్తిని మాత్రమే చెప్తోంది. పరీక్షలో మాత్రం 2 అనే రాయమను.

ఇక నీ సంగతి. నువ్వు దాని పక్కన టీచర్‌లా కూర్చోకు, నీకు రాదు కాబట్టే నువ్వు బాగా పనికొస్తావు. ఫార్ములా తీసుకుని నాకు అర్థం కావట్లేదు, ఈ 3 ఎవరిది అని అడుగు. ఈ 4 ఎవరిది, ఈ చుక్క ఏంటి అని. ఎన్ని అని మాత్రం అడక్కు, ఎవరిది అని అడుగు. అది నీకు చెప్తూ చెప్తూ ఉంటే ఎక్కడ తడబడుతుందో దానికే తెలిసిపోతుంది. రోజుకి రెండు ఫార్ములాలు చాలు, పది నిమిషాలు. టూత్‌పేస్ట్ మీదో మందు డబ్బా మీదో రాసిన పేరు తీసుకుని దాని ఫార్ములా వెతికి తెచ్చుకుంటే ఇంకా మజా, పారాసిటమాల్ సీ₈ హెచ్₉ ఎన్ ఓ₂, మొత్తం 20. అంకె లేని ఆ ఎన్‌ని మర్చిపోయి 19 అంటుందేమో చూడు.

వారం తర్వాత పటిక ఇవ్వు, కే ఏఎల్ (ఎస్ ఓ₄)₂ · 12హెచ్₂ ఓ. బ్రాకెట్ ఉంది, చుక్క ఉంది, పెద్ద అంకె ఉంది, రెండక్షరాల గుర్తు ఉంది, ఆక్సిజన్ రెండు వైపులా ఉంది, ఇన్ని ఉచ్చులు ఒకే చోట దొరకవు. సాయం చేయకుండా వదిలెయ్. ఇటు 12, అటు 36, మొత్తం 48, అందులో ఆక్సిజన్ 20. ఆక్సిజన్ 16 అందంటే చుక్కకి ఇటువైపు 8కి బదులు 4 తీసుకుందన్నమాట, అంటే బ్రాకెట్ బయటి 2 వదిలేసింది. 8 అందంటే నీళ్ళని మర్చిపోయింది. తప్పు నంబర్ చూస్తే ఎక్కడ జారిందో తెలిసిపోతుంది, ఆ 90 చూసి నేను కనిపెట్టినట్టే.

అది కూడా వచ్చేస్తే దాని పళ్ళనే అడుగు. పంటి పైపొరా ఎముకా రెండిట్లో ఉండే ఖనిజం హైడ్రాక్సీ అపటైట్, సీఏ₅ (పీ ఓ₄)₃ ఓ హెచ్. ఆన్సర్ 22. ఆక్సిజన్ 12 అని ధీమాగా చెప్పిందనుకో, తప్పని అనకు, చివర్న బ్రాకెట్ బయట ఇంకో ఓ ఒంటరిగా కూర్చుని ఉంది, అదెవరిదే అని అడుగు.